మధ్యాహ్నం దాటని పాట

మా నాన్న తన కోసం ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగే మనిషి కాదు. నన్ను అడిగింది ఒక్కటే. తనని పూడ్చేటప్పుడు తాత పాటలో ఆరో చరణం పాడమన్నాడు. మిగతా చరణాలు పాడినా మానినా తనకి పట్టింపు లేదన్నాడు. "అట్టాగేలే నాన్నా, పొద్దున్నే ఏం మాటలవి" అని విసుక్కున్నాను. ఆ చరణం నాకు గుర్తుందా లేదా అన్న అనుమానం మాత్రం కలగలేదు. ఎందుకు కలుగుతుంది? అది మా ఇంటి పాట. చుట్టుపక్కల ఊళ్ళలో నా పేరు తెలియని వాళ్ళు కూడా "ఆ పాట పాడే అమ్మాయి" అంటే నన్ను గుర్తుపట్టేవాళ్ళు.

పాట కట్టింది మా తాత. వినుకొండ నుంచి ఒంగోలు వైపు వచ్చే దారిలో మా ఊరు. ఆయన వారమంతా మిరప కోతలకీ పత్తి తీతలకీ కూలికి పోయి, ఆదివారం చర్చి గంట కొట్టేవాడట. చదువు లేదు. తనకి తెలిసింది కూలి రోజు గనక పాటని కూడా కూలి రోజులాగే అల్లుకున్నాడు. మొదటి చరణంలో తెల్లవారుతుంది, దేవుడు పనికి పిలుస్తాడు. రెండో దాంట్లో సద్ది పట్టుకుని గట్ల వెంట నడక. మూడో దాంట్లో నడినెత్తిన ఎండ, దాహం, ప్రభువే వచ్చి దోసిట్లో నీళ్ళు పోయడం. నాలుగూ అయిదూ నడుం ఎత్తకుండా చేసే మధ్యాహ్నపు పని. ఆరో చరణంలో పొద్దు గూకుతుంది, కూలివాడు గంప దించుతాడు. ఏడో దాంట్లో యజమాని చేతి మీదుగా కూలి అందుకుంటాడు. మా ఊళ్ళో మనిషి పోతే పాడే పాట అది. తాతని కూడా దాంతోనే పూడ్చారు. అప్పటికి దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. వారం వారం నోట్లో నలిగే పాటని రాసుకోవాలని ఎవరికి తోస్తుంది?

మా చర్చిలో అప్పటికి వాయిద్యాలంటే ఒక డోలక్కు, రెండు జతల తాళాలు. పాట ఎత్తే మనిషి ఏ శృతిలో ఎత్తితే అందరికీ అదే శృతి. నాన్న ఎత్తబోయే ముందు, ఆడవాళ్ళ వైపు ముందు చాప మీద కూర్చున్న ముసలమ్మల్ని ఒకసారి చూసేవాడు. వాళ్ళలో పెద్దావిడ ఆ రోజు ఆయాసపడుతున్నట్టు కనిపిస్తే ఇంకాస్త కిందికి దించి ఎత్తేవాడు. "ఎవరికి అందదో వాళ్ళని చూసి ఎత్తాలమ్మాయ్. గొంతున్నోళ్ళు ఎట్టాగూ పాడతారు" అనేవాడు. నాకు ఆయన గొంతే వచ్చింది, ఆడపిల్లకి ఉండాల్సిన దానికన్నా లావుగా. స్కూల్లో దాని మీద ఏడిపించేవాళ్ళు గానీ చర్చిలో అది బాగానే పనికొచ్చింది. పదో తరగతి అయ్యేసరికి నాన్న పక్కన నిలబడి నేనే ఎత్తుతున్నాను.

ఆదివారం ఎత్తిన పాట సోమవారం మిరప చేలోకి వెళ్ళేది. కోతకి వంగిన ఆడవాళ్ళు ఒక సాలు వాళ్ళు ఒక చరణం, పక్క సాలు వాళ్ళు ఇంకో చరణం పంచుకుని పాడేవాళ్ళు. సాలు పొడుగు, పాట కూడా పొడుగ్గా ఉంటేనే సుఖం. పొట్టి పాట ఎత్తితే "ఎత్తీ ఎత్తకముందే అయిపోయిద్ది, ఇదేం పాటే" అని తిట్టేవాళ్ళు. మా వైపు ఏ పాట నిలబడాలో ఆ రోజుల్లో తేల్చింది చాలావరకు ఆ సాళ్ళే. అప్పుడు నాకు అది తెలియదు. మంచి పాట గనక అందరూ పాడుతున్నారనుకునేదాన్ని.

తొంభైల చివర్లో ఒక వేసవి, కాయలు గుంటూరు యార్డుకి చేరి ఊళ్ళో కాస్త తీరిక దొరికిన రోజుల్లో, మా చర్చి ముందు పందిరి వేసి మూడు రాత్రుల కూటాలు పెట్టారు. ప్రసంగానికి వచ్చినాయన పాటలు కూడా పాడతాడు. అప్పటికే రెండు క్యాసెట్లు తెచ్చాడు. తాత పాట నేను ఎత్తగా విని, మర్నాడు ఉదయం మా ఇంటికే వచ్చాడు. "ఈ పాట మీ ఊళ్ళోనే ఉండిపోతే ఎట్టాగమ్మా, లోకం వినొద్దా" అన్నాడు. ఆయన మంచం మీద కూర్చుని మా అమ్మ ఇచ్చిన టీ తాగుతుంటే, ఆయన బూట్ల వైపు చూస్తూ నేను ఉబ్బిపోయాను. ఏడు చరణాలూ నా చేత్తో రాసిచ్చాను. నాన్న పక్కనే నిలబడి ఒక్కో చరణం నెమ్మదిగా చెప్పాడు. ఉన్న ఆ ఒక్క కాగితాన్నీ ఆయన జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

క్యాసెట్టు క్రిస్మస్ ముందు వచ్చింది. అట్ట మీద ఆయన ఫొటో, ఎగురుతున్న పావురం, వెనకాల ఉదయిస్తున్న సూర్యుడు. మా పాట రెండో వైపు మొదటిది. సినిమాల్లో పాడే ఒకావిడ గొంతుతో, కీబోర్డూ తబలా వయొలిన్లతో, చెన్నైలో రికార్డు చేశారట. తాత పేరు లేదు, పాట ఎదురుగా పాత కీర్తన అని ఉంది. అయినా మా వాకిట్లో పండగే అయింది. మా పక్కింటి వాళ్ళ టేప్‌రికార్డరు తెచ్చి అరుగు మీద పెట్టారు. కూలి పనులు మానుకుని జనం కూర్చున్నారు. పాట రాయించుకెళ్ళిన ఆ పెద్దమనిషి కూడా క్యాసెట్టు ఇవ్వడానికి వచ్చి అక్కడే ఉన్నాడు.

పాట వేగంగా పరిగెత్తింది. తెల్లవారింది, నడక అయింది, నీళ్ళు పోయడం అయింది. ఆ తరవాత పల్లవిలో ఆఖరి మాటే మళ్ళీ మళ్ళీ పాడుతూ, మెల్లమెల్లగా గొంతు తగ్గిపోతూ, వినపడీ వినపడకుండా పోయి ఆగిపోయింది. నాన్న ముందుకి వంగి కూర్చున్నాడు. "బ్యాటరీలు అయిపోయినయ్యేమో చూడండి" అన్నాడు.

కుర్రకారు ఘొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అంత పెద్దమనిషి ముందు మా నాన్నకి క్యాసెట్టు పాట అలాగే అయిపోతుందని తెలియకపోవడం నాకు మహా అవమానంగా తోచింది. "అయిపోయింది నాన్నా, పాట అంతే" అని గట్టిగా చెప్పాను.

"అంతేనా? మిగతాయి ఏయి?"

ఆ పెద్దమనిషి ఓపిగ్గానే చెప్పాడు. సైడుకి అయిదు పాటలు పట్టాలి, మ్యూజిక్ చేసే ఆయన మూడు చరణాలకి మించి ఒప్పుకోడు, పాట మధ్యలో మ్యూజిక్కుకి కూడా చోటు కావాలి. "పైగా క్యాసెట్టు క్రిస్మస్‌కి వస్తోంది కదండీ. కొనేది అప్పుడే. చావు చరణాలు పండక్కి ఎవరింటారు చెప్పండి" అన్నాడు. నేను పక్కన నిలబడి అంతా తెలిసినదానిలా తలాడించాను.

నాన్న మాత్రం, "మరి పొద్దు గూకేది ఎప్పుడయ్యా?" అన్నాడు. దానికీ నవ్వారు. ఆయన లేచి, ఆరబోసిన కాయల్లోకి వచ్చిన మేకని తోలడానికి వెళ్ళాడు. ఆరో చరణం గురించి నన్ను అడిగింది ఆ మర్నాటి పొద్దునే.

ఆ ఏడు నుంచి తాత పాట వినుకొండ బస్టాండులో, ఆటోల్లో, ఎక్కడ క్రిస్మస్ లైట్లు కడితే అక్కడ మోగింది. మా సండేస్కూలు పిల్లలు దానికి డాన్సు వేశారు. మనిషిని పూడ్చేటప్పుడు పాడే పాటకి పిల్లలు మెరుపు కాగితాల నక్షత్రాలు పట్టుకుని గెంతారు. స్టెప్పులు నేర్పింది నేనే. నీళ్ళు పోసే చోట దోసిలి పట్టించాను, చప్పట్లు బాగా వచ్చాయి. నాన్న వెనక చాప మీద కూర్చుని చూశాడు. ఆయన ముఖం చూడటం ఇష్టంలేక నేను పిల్లల కాళ్ళే చూశాను.

రెండు వేల సంవత్సరం దాటాక క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. వాటి వెనకే ట్రాకులు వచ్చాయి. ట్రాకు అంటే గొంతు తీసేసి ఒట్టి మ్యూజిక్ మాత్రం ఉంచిన పాట. అది పెట్టుకుని మనం పాడుకోవాలి. మా పాస్టరుగారు ఎక్కడెక్కడో సాయం అడిగి ఆంప్లిఫయరు, రెండు పెద్ద బాక్సులు, సీడీ ప్లేయరు తెచ్చారు. మొదటి ఆదివారం మా పాట ట్రాకే పెట్టారు, మైకు నా చేతికిచ్చారు.

ఆ ఆదివారం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ట్రాకులో శృతి చెన్నై ఆవిడది. నా గొంతు అక్కడికి ఎక్కలేదు. ఎక్కించబోతే మధ్యలో పగిలింది. మ్యూజిక్ ఇంకా నడుస్తుండగానే రెండో చరణం మొదలుపెట్టాను, పొరపాటు తెలిసి ఆగాను, ఆగేసరికి అసలు మొదలుపెట్టాల్సిన చోటు దాటిపోయింది. నాన్న అయితే జనం కోసం ఆగేవాడు. సీడీ ఎవరి కోసమూ ఆగదు. నేను మూడో చరణంలో ఉండగానే అది ముగిసిపోయింది, నా ఒక్కదాని గొంతు బాక్సుల్లోంచి ఒంటరిగా వచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు చాప మీది ముసలమ్మలు జాలిగా చూశారు. నవ్వు కన్నా ఆ జాలే ఎక్కువ మంట పుట్టించింది.

పక్కింటి టేప్‌రికార్డరు తెచ్చుకుని, తలుపేసుకుని ఆ క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్నాను. ఎక్కడ అందుకోవాలో, మధ్య మ్యూజిక్ ఎంతసేపో, ఏ మాట దగ్గర ఊపిరి దాచుకోవాలో ఒంట పట్టించుకున్నాను. నా లావు గొంతుని పళ్ళ బిగువున పైకి లాగాను. నాకు కోపం వస్తే అలాగే ఉంటుంది. క్రిస్మస్ వచ్చేసరికి ట్రాకుకి నా అంత బాగా పాడేవాళ్ళు మా మండలంలో లేరన్నారు. ఊళ్ళవాళ్ళు పిలిచారు. ఆటో పంపి తీసుకెళ్ళేవాళ్ళు, శాలువా కప్పేవాళ్ళు. అన్ని చోట్లా అదే పాట, అవే మూడు చరణాలు.

ముందు చాప ఎప్పుడు మౌనంగా అయిపోయిందో నేను గమనించలేదు. ఆ శృతి వాళ్ళకి అందేది కాదు. పెదాలు కదిపేవాళ్ళు, చప్పట్లు కొట్టేవాళ్ళు. నాన్న కూడా వాళ్ళలాగే పెదాలు కదిపేవాడు. ట్రాకు లేని పాటలు ఒక్కొక్కటీ జారిపోయాయి. ఒకసారి గుంటూరులో సభలకి వెళ్ళినప్పుడు, సీడీలమ్మే ఆయన్ని ఫలానా పాత పాట ఉందా అని నాన్నే అడిగాడు. "ట్రాకు లేనియ్యి మేం పెట్టమండీ. ఎవరూ తీసుకోరు" అన్నాడాయన. చేలల్లో కూడా ఎవరి కొంగులో చూసినా చిన్న రేడియోలు, ఆ తరవాత ఫోన్లు. పాటల్ని సాళ్ళ వెంట పంచుకునే పని తప్పింది. ఫోను మోగితే మా పాటలో పల్లవి సగం వినిపించేది. ఎత్తేలోపు తెల్లవారడం కూడా పూర్తయ్యేది కాదు.

నాన్న ఒక ఫిబ్రవరి ఉదయం పోయాడు. కోతలు మంచి జోరు మీద ఉన్నాయి. చేనికి బయలుదేరబోతూ గుండెల్లో ఏదో పట్టేసినట్టుందని అరుగు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. మా అమ్మ ఏడుపులో ఒకటే మాట, "ఆయన పాట సంగతి చూడవే, పాట సంగతి చూడవే" అని. "చూస్తానమ్మా" అన్నాను. అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు.

సాయంత్రం తీసుకెళ్ళాం. సమాధుల తోట ఊరి బయట పత్తి చేల అవతల, వాగు ఒడ్డున. అక్కడ కరెంటు లేదు. బాక్సులూ ప్లేయరూ చర్చిలోనే ఉండిపోయాయి. జనం బాగా వచ్చారు, కోతలు వదిలేసి వచ్చిన వాళ్ళ చేతులకి మిరప ఘాటు అలాగే ఉంది. పెట్టెని తాళ్ళతో గోతిలోకి దించారు. పాస్టరుగారు వాక్యం చదివి, నా వైపు తిరిగి, "అమ్మా, నాన్నగారి పాట ఎత్తండి" అన్నారు.

నోరు తెరిచాను. తెరిచి, అలాగే నిలబడ్డాను. ఎవరో వెనకనుంచి నా భుజం నిమిరారు, ఏడుపు అడ్డం వచ్చిందనుకుని. ఏడుపు కాదు. నేను మ్యూజిక్ కోసం ఎదురుచూస్తున్నాను. పల్లవికి ముందు వచ్చే వయొలిన్ల కోసం, మా నాన్న గోతి ముందు, నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాను. ఆ సంగతి నాకు తెలిసిన క్షణాన భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

ఎలాగో ఎత్తాను. చెన్నై ఆవిడ శృతిలోనే ఎత్తాను, నా గొంతుకి ఇంకో దారి మిగల్లేదు. జనం అందుకున్నారు. మొదటి చరణం అవగానే అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. వాగు గాలి తప్ప ఏమీ వినిపించలేదు. మధ్య మ్యూజిక్ ఎంతసేపో అంతసేపూ అంత జనమూ ఊరికే నిలబడ్డారు, కొందరి తలలు సన్నగా ఊగుతున్నాయి. మ్యూజిక్ అయిపోవాల్సిన చోట ఎవరూ సైగ చేయకుండానే అందరూ కలిసి రెండో చరణం అందుకున్నారు. మళ్ళీ ఆగారు. మళ్ళీ అందుకున్నారు. ముందు వరసలో ముసలమ్మలు పెదాలు కదుపుతున్నారు.

మూడో చరణంలో నీళ్ళు పోయడం అయింది. అందరూ పల్లవి ఆఖరి మాటకి వచ్చేశారు. నేను చెయ్యెత్తి ఆపాను. "ఆరో చరణం ఉంది. నాన్న అడిగాడు" అన్నాను. అందరూ నన్నే చూశారు.

"పొద్దు గూకె ప్రభువా, గంప..."

ఆ తరవాత మాట లేదు. ముందు గోడ అడ్డం ఉన్నట్టు ఆగిపోయాను. మళ్ళీ మొదటినుంచి ఎత్తాను, మళ్ళీ గంప దగ్గరే ఆగాను. ముందు వరసలో పెద్దావిడ వైపు చూశాను, మా నాన్న ఏళ్ళ తరబడి ఎవరిని చూసి శృతి దించేవాడో ఆవిడ వైపే. చర్చిలో నాన్నని పేరు పెట్టి పిలిచే ఒకే ఒక్క మనిషి. ఆవిడ కళ్ళు మూసుకుని, "గంప దించి... గంప..." అని గొణిగింది. కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపింది. "పాడక ఎన్నేళ్ళయిందో అమ్మాయ్. నువ్వు ఎత్తితే ఎనకమాలే వచ్చిద్దనుకున్నా" అంది.

మా అమ్మ ఏడుపు ఆపి నన్నే చూస్తోంది. మా అమ్మ ముఖం కేసి నేను చూడలేకపోయాను.

"సరేలేమ్మా, పల్లవి అందుకుందాం" అని పాస్టరుగారు మెల్లగా తనే ఎత్తారు. జనం హాయిగా అందుకున్నారు. అందరికీ బాగా వచ్చిన భాగం అది. పల్లవి ఆఖరి మాట ఒకసారి, రెండోసారి, ఇంకోసారి. ఆ తరవాత క్యాసెట్టులో ఎలా ఉంటుందో అలాగే అందరూ కలిసి గొంతులు తగ్గించడం మొదలుపెట్టారు. నేర్చుకున్నది అదే మరి. తగ్గిస్తూ, తగ్గిస్తూ, పెదాల మీదికి వచ్చింది పాట. కొందరు ఆగారు, కొందరు ఇంకా గొణుగుతున్నారు. నాన్న ఎత్తే రోజుల్లో ఏడో చరణం చివర ఒక్క మాట సాగదీసి ఠక్కున ఆపేవాడు, కూలి చేతిలో పడినట్టు. ఇక్కడ పాట ఎక్కడ అయిపోయిందో ఎవరికీ తెలియలేదు.

గోతికి అటూ ఇటూ నిలబడిన వాళ్ళు పారల నిండా మట్టి ఎత్తి పట్టుకుని ఉన్నారు. పాట అయినట్టా కానట్టా అని నా వైపు చూశారు. నాకు సిగ్గుతో తల దిగిపోయింది. అది చూసి నేను సరేనన్నాననుకుని వాళ్ళు మట్టి పోయడం మొదలుపెట్టారు.